సైకిల్ పార్టుల నుంచి సెల్టోస్ దాకా: కియా రెండుసార్లు పడింది, ఎలా లేచింది?

2021 జనవరిలో కియా తన లోగో మార్చింది. పాత లోగోలో కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, దాని లోపల పేరు ఉండేవి. కొత్త దాంట్లో ఆ గీత తీసేసి, అక్షరాలన్నీ కలిపి చెయ్యి ఎత్తకుండా రాసినట్టు పెట్టారు. చూడ్డానికి స్టైల్‌గానే ఉంది. కానీ చాలామందికి అది కియా అని కనిపించలేదు, కే పక్కన ఎన్ తిరగేసి రాసినట్టు కనిపించింది. దాంతో అమెరికాలో జనం గూగుల్‌లో "కేఎన్ కార్" అని వెతకడం మొదలుపెట్టారు. ఈ కేఎన్ ఎవర్రా బాబూ, కారు ఇంత బాగుంది, ఎప్పుడూ వినలేదే అని!

నవ్వొచ్చే విషయమే. కానీ కాస్త ఆలోచిస్తే కియా కథంతా ఇందులోనే ఉంది. కారు చూడగానే నచ్చేసింది, దాన్ని చేసింది ఎవరో మాత్రం తెలియలేదు. 1944లో పుట్టిన ఈ కంపెనీ రెండుసార్లు దాదాపు మునిగిపోయి పైకొచ్చింది. బయటికి కనిపించే వాటితో మన మనసు గెలిచింది. లోపల కనిపించని వాటి దగ్గర మాత్రం దెబ్బ తింది. ఆ దెబ్బ దానికే కాదు, కారు కొన్నవాళ్లకి కూడా తగిలింది. ఇవాళ ఆ కథ మొదటినుంచి చెప్పుకుందాం. మీలో చాలామంది మొదటి కారు కొనే వయసులో ఉన్నారు. ఏడేళ్లు ఈఎంఐ కట్టాలంటే చిన్న విషయం కాదు కదా!

మొదలు సియోల్‌లో. 1944. కొరియా అప్పటికి ఇంకా జపాన్ పాలనలోనే ఉంది. జపాన్‌లో పనిచేసి తిరిగొచ్చిన కిమ్ చోల్ హో అనే ఆయన క్యోంగ్‌సోంగ్ ప్రెసిషన్ ఇండస్ట్రీ అని ఒక చిన్న ఫ్యాక్టరీ పెట్టాడు. అక్కడ కార్లు చేసేవాళ్లు కాదు. స్టీల్ ట్యూబులు, సైకిల్ పార్టులు చేసేవాళ్లు. తర్వాత దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, దేశం రెండు ముక్కలైంది, 1950లో యుద్ధం మొదలైంది. సియోల్ చేతులు మారుతుంటే జనం దక్షిణాన ఉన్న బుసాన్ రేవుకి పారిపోయారు. ఆ యుద్ధం నడుస్తుండగానే, 1952లో, ఈ కంపెనీ కొరియాలో తయారైన మొదటి సైకిల్‌ని బయటికి తెచ్చింది. దాని పేరు సామ్‌చుల్లి, అంటే మూడు వేల "రీ"లు. రీ అనేది మన కోసు లాంటి పాత దూరపు కొలత. కొరియా ఆ చివర నుంచి ఈ చివర వరకు మూడు వేల రీలు అని వాళ్ల లెక్క. సగం దేశం కాలిపోతున్నప్పుడు సైకిల్‌కి మొత్తం దేశం పేరు పెట్టారన్నమాట.

అదే ఏడాది కంపెనీ పేరు కియా అని మార్చారు. చైనా లిపిలో రాస్తే "కి" అంటే లేవడం, "ఆ" అంటే ఆసియా. ఆసియా నుంచి లేచేది అని అర్థం. సైకిళ్లు చేసే కంపెనీకి పెద్ద పేరే!

తర్వాత హోండా లైసెన్స్‌తో మోటార్ సైకిళ్లు చేశారు. 1962లో జపాన్ కంపెనీ మాజ్దా లైసెన్స్‌తో కే-360 అని మూడు చక్రాల చిన్న ట్రక్కు చేశారు. మన ఊళ్లలో కూరగాయలు, సిమెంట్ బస్తాలు మోసే ట్రాలీ ఆటో ఉంటుంది కదా, అలాంటిదే. 1973లో సియోల్ పక్కన సోహారి అనే చోట ఇంజిన్ నుంచి బాడీ దాకా అన్నీ ఒకే చోట తయారయ్యే ఫ్యాక్టరీ కట్టారు. 1974లో అక్కడి నుంచి కియా మొదటి ప్యాసింజర్ కారు వచ్చింది. పేరు బ్రిసా. డిజైన్ మాజ్దాదే, కానీ కొరియా రోడ్ల మీద ట్యాక్సీగా బాగా తిరిగింది.

మీలో కొంతమంది ఈ కారుని చూసే ఉంటారు. 2017లో వచ్చిన "ఎ ట్యాక్సీ డ్రైవర్" అనే కొరియన్ సినిమా గుర్తుందా? హీరో సాంగ్ కాంగ్ హో నడిపే ఆకుపచ్చ ట్యాక్సీ బ్రిసానే. అది 1980 మే నెలలో గ్వాంగ్‌జు అనే ఊళ్లో నిజంగా జరిగిన కథ. సైనిక పాలన వద్దు, ప్రజాస్వామ్యం కావాలని జనం రోడ్డెక్కితే సైన్యం కాల్పులు జరిపింది. ఆ వార్త ప్రపంచానికి చెప్పడానికి ఒక జర్మన్ జర్నలిస్టు సియోల్ నుంచి ట్యాక్సీ కట్టించుకుని వెళ్తాడు. ఆ సైన్యం వెనక ఉన్న జనరల్ పేరు చున్ దూ హ్వాన్.

అదే చున్ దూ హ్వాన్ కియాని మొదటిసారి కింద పడేశాడు. 1970ల చివర్లో చమురు ధరలు పెరిగి కార్ల అమ్మకాలు పడిపోయాయి. కొత్త సైనిక ప్రభుత్వం కంపెనీలన్నిటినీ కూర్చోబెట్టి పంపకాలు చేసింది. అన్నదమ్ముల మధ్య పొలం పంచినట్టు. ప్యాసింజర్ కార్లు హ్యుందాయ్, తర్వాత దేవూగా మారిన ఇంకో కంపెనీ మాత్రమే చేయాలి. కియా చిన్న ట్రక్కులు, వ్యాన్లు చేసుకోవాలి. మోటార్ సైకిళ్లు కూడా వదిలేయాలి. 1981లో ఇదంతా అమల్లోకి వచ్చింది. అంటే మీ షాపులో బాగా అమ్ముడయ్యే సరుకు రేపట్నుంచి నువ్వు అమ్మకూడదు అని ప్రభుత్వమే చెప్పింది. అడిగే దిక్కు లేదు.

అప్పుడు కియాని బతికించింది ఒక వ్యాన్. పేరు బొంగో. అది కూడా మాజ్దా నుంచి వచ్చిందే. ట్రక్కులు, వ్యాన్లే చేసుకోమన్నారు కదా, సరే అని పన్నెండు మంది కూర్చునే వ్యాన్ చేశారు. చిన్న వ్యాపారులు, స్కూళ్లు, పెద్ద కుటుంబాలు ఎగబడి కొన్నారు. ఎంతగా అంటే, కొరియాలో ఏ కంపెనీ వ్యాన్‌నైనా బొంగో అనడం అలవాటైపోయింది. మనం ఏ మిషన్ మీద తీసినా "జెరాక్స్" అంటాం చూడండి, అలాగ. అప్పట్లో కంపెనీని నడిపిన కిమ్ సన్ హోంగ్ ఓనర్ కొడుకు కాదు, జీతానికి పనిచేసే ఇంజనీరే. హ్యుందాయ్, సామ్‌సంగ్ లాంటివి కుటుంబాల చేతుల్లో ఉంటే, కియాలో ఉద్యోగులకి కూడా షేర్లు ఉండేవి. అందుకే కొరియా జనం దాన్ని "ప్రజల కంపెనీ" అని ప్రేమగా చూసేవాళ్లు.

నిషేధం తొలగాక 1987లో కియా మళ్లీ కార్లలోకి వచ్చింది. ప్రైడ్ అనే చిన్న కారుతో. దీని కథ గమ్మత్తుగా ఉంటుంది. డిజైన్ జపాన్ మాజ్దాది, తయారీ కొరియా కియాది, అమెరికాలో అమ్మింది ఫోర్డ్, ఫెస్టివా అనే పేరుతో. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. రాత్రంతా కోడ్ రాసేది ఒకరు, స్క్రీన్ మీద పేరు ఇంకొకరిది! ఈ ప్రైడ్ తర్వాత ఇరాన్ వెళ్లింది. సైపా అనే కంపెనీ లైసెన్స్ తీసుకుని 1990ల నుంచి 2020 దాకా దాన్నే చేస్తూ పోయింది. చవక కాబట్టి ఇరాన్‌లో ఎక్కడ చూసినా అదే కారు. యాక్సిడెంట్ అయితే లోపలివాళ్లకి రక్షణ లేదని అక్కడి జనం ఏళ్ల తరబడి మొత్తుకున్న కారు కూడా అదే. 1980ల డిజైన్‌ని 2020 దాకా లాగితే అంతే కదా.

1990ల్లో కియా తన సొంత డిజైన్‌తో సెఫియా చేసింది, స్పోర్టేజ్ చేసింది. 1994లో అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే ఊళ్లో నాలుగు డీలర్లతో సొంత పేరు మీద అమ్మకాలు మొదలుపెట్టింది. ధర తక్కువ. పేరు కూడా అంతంతమాత్రమే. "చవక కారు కావాలా, కియా కొనుక్కో" అనేవాళ్లు. అది మెచ్చుకోవడం కాదు!

ఇంతలో రెండో దెబ్బ. 1997. కొరియా కంపెనీలు అప్పుల మీద అప్పులు తెచ్చి విస్తరించిన కాలం అది. కియా కూడా స్టీల్ వ్యాపారంలోకి దిగింది, కమర్షియల్ వాహనాల కంపెనీ ఇంకోటి నడిపింది, రెండింట్లోనూ డబ్బు పోయింది. అప్పటికి అది దేశంలో ఎనిమిదో పెద్ద గ్రూపు. 1997 జులైలో అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. మూసేయాలా, అమ్మేయాలా, ప్రభుత్వం ఆదుకోవాలా అని నెలల తరబడి తేల్చలేదు. విదేశీ పెట్టుబడిదారులకి భయం పట్టుకుంది. నవంబర్ వచ్చేసరికి కొరియా దేశమే ఐఎంఎఫ్ గుమ్మం ముందు నిలబడింది. కియా ఒక్కదాని వల్లే దేశం కూలిందని కాదు, కానీ ఆ కుప్పలో పెద్ద రాయి కియానే. దేశం అప్పు తీర్చడానికి ఆడవాళ్లు పెళ్లి ఉంగరాలు తెచ్చి ఇచ్చిన ఉద్యమం గురించి వినే ఉంటారు, అది ఈ సంక్షోభంలోనే జరిగింది.

కియాని వేలం వేశారు. హ్యుందాయ్, దేవూ, సామ్‌సంగ్, అమెరికా నుంచి ఫోర్డ్ పోటీ పడ్డాయి. రెండుసార్లు వేలం తేలలేదు. చివరికి 1998లో అప్పుల్లో పెద్ద భాగం రద్దు చేసుకుని హ్యుందాయ్ 51 శాతం వాటా తీసుకుంది. ఒకప్పుడు కార్లు నువ్వు చేయొద్దని కియాని పక్కన పెట్టి ఎవరికి ఇచ్చారో, ఆ కంపెనీ చేతిలోకే వెళ్లింది. ప్రజల కంపెనీ అనే మాట అక్కడితో అయిపోయింది. ఇప్పుడు హ్యుందాయ్ వాటా మూడో వంతు దగ్గర ఉంది, కానీ పగ్గాలు వాళ్లవే. క్రెటా, సెల్టోస్ ఇంజిన్లు ఎందుకు ఒకేలా ఉంటాయని అడుగుతుంటారు కదా, దాని మూలం ఆ వేలంపాటలో ఉంది.

మరి ఇలాంటి కంపెనీ కారు ఎవరు కొంటారు? దివాలా తీసింది, అమెరికాలో పేరు లేదు. హ్యుందాయ్, కియా ఒక సాహసం చేశాయి. అమెరికాలో ఇంజిన్, గేర్‌బాక్స్‌కి పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఇచ్చాయి. ముందు హ్యుందాయ్, 2000 సంవత్సరంలో కియా. యూరప్‌లో 2007 నుంచి సీడ్ అనే కారుతో ఏడేళ్ల వారంటీ ఇచ్చారు. ఆ రోజుల్లో పోటీ కంపెనీలు ఇచ్చేదానికి ఇది రెండింతల పైమాటే. "మా కారుని మీరు నమ్మకండి, మా సంతకాన్ని నమ్మండి" అన్నట్టు. వారంటీ ఇచ్చాక కారు పాడైతే ఖర్చు కంపెనీదే కాబట్టి, క్వాలిటీ మీద పని చేయక తప్పలేదు.

రెండో పని డిజైన్. 2006లో కియా బాస్‌గా ఉన్న చుంగ్ యూయ్ సన్, ఆడి టీటీ కారు డిజైన్ చేసిన పీటర్ ష్రైయర్‌ని జర్మనీ నుంచి తీసుకొచ్చాడు. కియా కారు ఎదురుగా వస్తే ఇది ఏ కంపెనీదో ఎవరికీ గుర్తుండదు అనేది సమస్య. ఆయన కారు ముందు భాగానికి పులి ముక్కు లాంటి గ్రిల్ ఇచ్చాడు. ముఖానికి ముక్కు వచ్చేసరికి కళ వచ్చింది! తర్వాత పదేళ్లలో అవార్డులు వరుస కట్టాయి. 2016లో జేడీ పవర్ సంస్థ అమెరికాలో చేసిన తొలి నాణ్యత సర్వేలో లగ్జరీ కంపెనీలన్నిటినీ దాటి కియా మొదటి స్థానంలో నిలిచింది. 27 ఏళ్లలో ఒక మామూలు బ్రాండ్ అలా నిలవడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక్క విషయం బాగా గమనించండి. ఆ సర్వే కొలిచేది కారు కొన్న మొదటి 90 రోజుల అనుభవం. కారు కొన్నాక మనం దాంతో గడిపేది 90 రోజులు కాదు, ఏడెనిమిదేళ్లు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, ఆ 90 రోజుల్లో కనిపించనివి ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

మొదటిది ఇంజిన్. హ్యుందాయ్, కియా కార్లలో వాడిన థీటా-2 అనే ఇంజిన్‌లో తయారీ సమయంలో లోహపు రజను లోపల ఉండిపోయింది. అది ఆయిల్ దారుల్లో అడ్డుపడితే బేరింగులు అరిగిపోతాయి. అప్పుడు రోడ్డు మీద వెళ్తుండగా ఇంజిన్ ఆగిపోవచ్చు, కొన్నిసార్లు మంటలు రావొచ్చు. 2015లో హ్యుందాయ్, 2017లో కియా రీకాల్ ప్రకటించాయి. కియావే 6 లక్షలకి పైగా కార్లు. ఇది బయటికి రావడానికి ఒక ముఖ్య కారణం కిమ్ గ్వాంగ్ హో అనే హ్యుందాయ్ ఇంజనీరు. పాతికేళ్లకి పైగా అక్కడే పనిచేసిన మనిషి. భద్రతా లోపాల్ని కంపెనీ సరిగ్గా బయటపెట్టడం లేదని 2016లో పత్రాలతో సహా అమెరికా ప్రభుత్వానికి చెప్పాడు. ఉద్యోగం పోయింది. 2020లో రీకాల్ ఆలస్యం చేసినందుకు రెండు కంపెనీలూ అమెరికా రవాణా భద్రతా సంస్థతో జరిమానాలకి ఒప్పుకున్నాయి, హ్యుందాయ్‌కి 14 కోట్ల డాలర్లు, కియాకి 7 కోట్లు. 2021లో ఆ ఇంజనీరుకి 2 కోట్ల 40 లక్షల డాలర్లకి పైగా బహుమతి వచ్చింది. ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

రెండోది తాళం. ఇమ్మొబిలైజర్ అని ఒక చిన్న ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉంటుంది. తాళంచెవిలో ఉన్న చిప్‌ని కారు గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. యూరప్‌లో, కెనడాలో చట్టం ఉంది కాబట్టి పెట్టారు. అమెరికాలో చట్టం లేదు. తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే చవక మోడళ్లలో పెట్టలేదు. 2011 నుంచి 2021 దాకా లక్షల కార్లు అలాగే రోడ్డెక్కాయి. ఎప్పుడో ఒకప్పుడు తెలియాల్సిందే, తెలిసింది. స్టీరింగ్ కింద కవర్ ఊడదీసి, ఫోన్ ఛార్జింగ్‌కి వాడే యూఎస్‌బీ కేబుల్ చివరతో తిప్పేస్తే కారు స్టార్ట్ అయిపోతోందని మిల్వాకీ నగరంలో కుర్రాళ్లు కనిపెట్టారు. 2022లో అది టిక్‌టాక్‌లో ఛాలెంజ్ అయింది. పదిహేను, పదహారేళ్ల పిల్లలు కార్లు ఎత్తుకెళ్లి గుద్దేయడం మొదలైంది. ఆ దొంగతనాలతో ముడిపడి కనీసం 14 ప్రమాదాలు, 8 మరణాలు జరిగాయని 2023 ఫిబ్రవరిలో అమెరికా భద్రతా సంస్థే చెప్పింది. రెండు కంపెనీలూ కలిపి 83 లక్షల కార్లకి ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇస్తామన్నాయి. కోర్టు బయట దాదాపు 20 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నాయి.

కారు పోయినవాళ్ల సంగతి ఆలోచించండి. ఆ కార్లు కొన్నది డబ్బున్నవాళ్లు కాదు. చవకగా వస్తుందని కొన్నవాళ్లు, డ్యూటీకి వెళ్లడానికి అదొక్కటే దిక్కైనవాళ్లు. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు కొన్ని ఊళ్లలో ఈ మోడళ్లకి కొత్త పాలసీలు ఇవ్వడం కూడా మానేశాయి. ఒక చిప్ దగ్గర మిగిల్చిన డబ్బుకి ఎవరెవరు మూల్యం కట్టారో చూడండి. అమెరికాలో ఎంఎస్ చేస్తూ ఈ ఎపిసోడ్ చూస్తున్న మనవాళ్లకి రెండు మాటలు. సెకండ్ హ్యాండ్‌లో ఆ సంవత్సరాల కియా గానీ హ్యుందాయ్ గానీ కొంటుంటే, ఆ అప్‌డేట్ చేశారో లేదో వీఐఎన్ నంబర్‌తో చెక్ చేసుకోండి. ఇంకోటి, ఆ పదేళ్ల ఇంజిన్ వారంటీ మొదటి ఓనర్‌కి. చేతులు మారితే మామూలుగా ఐదేళ్లు, 60 వేల మైళ్లకి తగ్గిపోతుంది. అమ్మేవాడు "పదేళ్ల వారంటీ ఉంది బ్రో" అంటే నమ్మేయకండి, కాగితం చూపించమనండి.

ఇక మన ఊరికి వద్దాం. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి 44వ నంబర్ హైవే మీద వెళ్లినవాళ్లకి తెలుసు, అనంతపురం దాటాక పెనుకొండ దగ్గర రోడ్డు పక్కనే పెద్ద ఫ్యాక్టరీ కనిపిస్తుంది. పెనుకొండ మామూలు ఊరు కాదు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది ఇక్కడికే. తర్వాత నాలుగు వందల ఏళ్లకి ఆ ప్రాంతం పేరు చెబితే కరువే గుర్తొచ్చేది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. వేరుశనగ వేస్తే చినుకు కోసం ఎదురుచూడటం, లేదంటే బెంగళూరు బస్సెక్కి పనికి పోవడం.

2017 ఏప్రిల్‌లో చంద్రబాబు ప్రభుత్వంతో కియా ఒప్పందం చేసుకుంది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్లు తీసే సామర్థ్యం. నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది, డిసెంబర్‌లో జగన్ ముఖ్యమంత్రిగా ప్లాంట్‌ని లాంఛనంగా ప్రారంభించారు. ఎవరు తెచ్చారు అని కింద కొట్టుకోకండి, రెండు తేదీలూ చెప్పేశాను! 2022లో జిల్లాల విభజనతో పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. 2025 నాటికి ఆ ప్లాంట్ నుంచి బయటికొచ్చిన కార్లు 15 లక్షలు దాటాయి. అక్కడి హోటళ్ల మీద కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి. సైకిల్‌కి మూడు వేల రీలు అని పేరు పెట్టుకున్న కంపెనీ రాయలసీమకి చేరింది.

మా బాబాయ్ సెల్టోస్ కొన్నప్పుడు నేనూ షోరూమ్‌కి వెళ్లాను. అక్కడ ఒక గంట కూర్చుంటే మనవాళ్లు కారు ఎలా కొంటారో మొత్తం తెలిసిపోతుంది. సేల్స్ అబ్బాయి ముందు సన్‌రూఫ్ తెరిచాడు. తర్వాత పదంగుళాల స్క్రీన్, పాటకి తగ్గట్టు రంగులు మారే లైట్లు. పిన్ని సీట్ల రంగు చూసింది. బాబాయ్ మైలేజ్ ఎంత, వెయిటింగ్ ఎన్ని నెలలు అని అడిగాడు. పక్క టేబుల్ దగ్గర ఇంకో కుటుంబానివీ అవే ప్రశ్నలు. బాబాయ్‌కి ఇప్పటికీ ఆ కారంటే ప్రాణం. తిరుపతి, శ్రీశైలం ఎక్కడికైనా అందులోనే. "ఎక్కి కూర్చుంటే పెద్ద కారులో ఉన్నట్టుంటదిరా" అంటాడు. ఆ మాట నిజం. సెల్టోస్ ఆ ధరలో మనకి అలవాటు లేని ఫీచర్లు తెచ్చింది, మిగతా కంపెనీలు కూడా పరిగెత్తాల్సి వచ్చింది.

2020 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే సెల్టోస్‌ని తీసుకుని గోడకి గుద్ది చూసింది. పెద్దల రక్షణకి 5కి 3 స్టార్లు, పిల్లల రక్షణకి 2 స్టార్లు. టెస్ట్ చేసింది అన్ని వేరియంట్లలో ఉండే రెండు ఎయిర్‌బ్యాగుల కారుని. ఆరు ఎయిర్‌బ్యాగులు టాప్ మోడళ్లకే. కారు బాడీ నిలకడగా లేదని కూడా రిపోర్టు చెప్పింది. అప్పుడు చాలామంది, ఎయిర్‌బ్యాగులు పెంచితే సరిపోద్ది కదా అన్నారు. 2022లో కారెన్స్ వచ్చింది, అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు. టెస్ట్ చేస్తే దానికీ 3 స్టార్లే. ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ అనేది దిండు లాంటిది. గోడ మీద పడుతుంటే దిండు ఎంతవరకు కాపాడుతుంది? బాడీ గట్టిగా ఉండాలి. అదేమో షోరూమ్‌లో కనిపించదు.

అదే 2022 అక్టోబర్‌లో కియా 44,174 కారెన్స్‌లని వెనక్కి పిలిచింది. ఎయిర్‌బ్యాగ్‌ని నడిపే మాడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉందేమో చూసి, ఉచితంగా అప్‌డేట్ చేయడానికి. నేను కొన్నేళ్లు కోడ్ రాసి బతికినవాణ్ణి. మన యాప్‌లో బగ్ వస్తే యూజర్ తిట్టుకుని మళ్లీ ఓపెన్ చేస్తాడు. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌కి రెండో ఛాన్స్ ఉండదు. అందుకే రీకాల్ అనే మాట వినగానే చెత్త కంపెనీ అనేయకండి. తప్పు దొరికాక తొందరగా చెప్పి సరిచేస్తే అది బాధ్యత. చెప్పడం ఆలస్యం చేస్తేనే అసలు గొడవ. థీటా ఇంజిన్ కథలో జరిమానా పడింది తప్పు చేసినందుకు కాదు, చెప్పడంలో ఆలస్యం చేసినందుకు.

మరి కియా నేర్చుకుందా? నేర్చుకున్న గుర్తులు ఉన్నాయి. 2023లో మార్పులతో వచ్చిన సెల్టోస్‌లో అన్ని వేరియంట్లకీ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. 2025లో సైరోస్ అనే కారు మన ప్రభుత్వ భారత్ ఎన్‌క్యాప్ టెస్ట్‌లో పెద్దలకీ పిల్లలకీ 5 స్టార్లు తెచ్చుకుంది. పెనుకొండలో తయారైన కారే. అంటే అదే ఫ్యాక్టరీ, అదే మన పిల్లలు, గట్టి కారు చేయగలరు. జనం స్టార్లు అడగడం మొదలుపెట్టారు కాబట్టి కంపెనీ కూడా మారింది. పులి ముక్కు అడిగినప్పుడు ముక్కు ఇచ్చారు, సన్‌రూఫ్ అడిగినప్పుడు సన్‌రూఫ్ ఇచ్చారు. 1980 నుంచీ చూడండి, ఈ కంపెనీ గొప్పతనం అదే. గాలి ఎటు వీస్తే అటు తెరచాప తిప్పగలదు. కాబట్టి గాలి ఎటు వీయాలన్నది కొంత మన చేతిలోనే ఉంది.

అందుకే ఈసారి షోరూమ్‌కి వెళ్లినప్పుడు, కియా అయినా, ఇంకే కంపెనీ అయినా, సన్‌రూఫ్ కింద కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, మీరు కొనే ఈ వేరియంట్‌కి క్రాష్ టెస్ట్ రేటింగ్ ఎంత, ఎప్పుడు టెస్ట్ చేశారు? రెండు, వారంటీ ఎన్నేళ్లు, అందులో ఏవి రావు? ఇండియాలో కియా మొదట ఇచ్చింది మూడేళ్లు, ఆ పైన డబ్బు కట్టి పొడిగించుకోవాలి. మీ ఈఎంఐ ఏడేళ్లయితే మిగతా నాలుగేళ్ల సంగతి ఏంటో ముందే లెక్క వేసుకోండి. మూడు, ఈ మోడల్‌కి ఇప్పటిదాకా రీకాల్స్ వచ్చాయా, వస్తే అవి సరిచేసిన కారేనా ఇచ్చేది? సేల్స్ అబ్బాయి మొదట నీళ్లు నములుతాడు, ఫర్వాలేదు. రోజుకి పది మంది అడిగితే పదకొండో మనిషికి జవాబు రెడీగా పెట్టుకుంటాడు.

మీ ఇంట్లో కియా ఉంటే ఎన్నేళ్లయింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, కింద రాయండి. మొదటి 90 రోజుల ముచ్చట వద్దు, మూడేళ్లు దాటినవాళ్ల మాట కావాలి. కొత్తగా కొనేవాళ్లకి అదే పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కొరియా కంపెనీ దేవూ గురించి మాట్లాడుకుందాం. సియెలో, మాటిజ్ గుర్తున్నాయా? గుర్తులేకపోతే ఇంట్లో నాన్నని అడగండి. ఉంటాను మరి!